కీ కాపీ అయింది, పాస్‌వర్డ్ ఆపేశాను, ఇప్పుడు నా సర్వర్‌లోకి నేనే వెళ్లలేకపోతున్నాను

పిల్లకాలువ · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఊరి గ్రంథాలయంలో ఏయే పుస్తకాలు ఉన్నాయో జనం ఫోన్‌లోనే చూసుకునేలా చేద్దామని ఒక చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకున్నాను. దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 24.04. రెండు నెలలుగా బాగానే నడుస్తోంది.

నిన్న లాగ్ ఫైల్ తెరిచి చూస్తే గుండె జారిపోయింది. 'ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ రూట్' అని, అంటే సర్వర్ మొత్తం మీద అధికారం ఉన్న 'రూట్' యూజర్‌కి తప్పు పాస్‌వర్డ్ కొట్టారని, వరసపెట్టి లైన్లు. రూట్ అయ్యాక అడ్మిన్, తర్వాత టెస్ట్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఉబుంటు... ముక్కూ మొహం తెలియని ఐపీల నుంచి, క్షణం తెరిపి లేకుండా. కంగారుగా నెట్‌లో వెతికి, దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డ్ బదులు పనిచేసే కీ తయారు చేసుకుని, సర్వర్‌కి పంపి, సెట్టింగుల ఫైల్లో 'పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో' అని పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేశాను. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అవబోతే 'పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ' అంటోంది.

కీ కాపీ అయిన మాట నిజం. 'నంబర్ ఆఫ్ కీస్ యాడెడ్: 1' అని నా కళ్లతో చూశాను. ఆఖరి బ్యాకప్ 20 రోజుల కిందటిది. ఆ తర్వాత నేనూ మా చెల్లెలూ కూర్చుని ఎక్కించిన 400 పుస్తకాల వివరాలు సర్వర్‌లోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి ఎవరైనా దారి చెప్పండి.

రాత్రిడ్యూటీ · శనివారం, రాత్రి 9:31

ముందు స్థిమితపడండి. డేటా ఎక్కడికీ పోలేదు. సర్వర్ నడుస్తూనే ఉంది, తలుపు ఒక్కటే మూసుకుంది. కంపెనీ ప్యానెల్‌లో 'రీఇన్‌స్టాల్' బటన్ కనిపిస్తుంది, దాని జోలికి మాత్రం వెళ్లొద్దు.

కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, మీరు టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి. మీ లాప్‌టాప్‌లో మామూలుగా లాగిన్ అయ్యే కమాండే ఇవ్వండి, కానీ 'ఎస్ఎస్‌హెచ్' తర్వాత ఖాళీ వదిలి '-వీ' చేర్చండి. లోపల జరిగే సంగతంతా లైన్ లైన్‌గా చెబుతుంది. అందులో 'ఆఫరింగ్ పబ్లిక్ కీ' అనే లైన్ ఉందా, దాని పక్కన ఏ ఫైల్ పేరుంది, ఆ తర్వాత ఏం వచ్చింది? ఈ మూడూ చెప్పండి.

పిల్లకాలువ · శనివారం, రాత్రి 9:44

చేశానండి. 'ఆఫరింగ్ పబ్లిక్ కీ' అని ఉంది, పక్కన నేను నిన్న తయారు చేసిన 'ఐడీ_ఈడీ25519' ఫైలే ఉంది. వెంటనే 'ఆథెంటికేషన్స్ దట్ కెన్ కంటిన్యూ: పబ్లిక్‌కీ' అని వచ్చి, 'నో మోర్ ఆథెంటికేషన్ మెథడ్స్ టు ట్రై' అని ఆగిపోయింది.

రాత్రిడ్యూటీ · శనివారం, రాత్రి 9:58

అయితే మీ వైపు తప్పు లేదు. మీ లాప్‌టాప్ సరైన కీనే చూపిస్తోంది, సర్వరే వద్దంటోంది. ఎందుకు వద్దంటోందో బయట ఉన్నవాళ్లకు అది చెప్పదు. చెబితే దొంగకు కూడా చెప్పినట్టే కదా. కానీ తన లాగ్‌లో మాత్రం కచ్చితంగా రాసుకుంటుంది.

మీ సర్వర్ కంపెనీ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి 'కన్సోల్' అనే బటన్ వెతకండి. అది ఎస్ఎస్‌హెచ్ మీదుగా వెళ్లదు, సర్వర్‌కి నేరుగా మానిటర్, కీబోర్డ్ తగిలించినట్టు అనుకోండి. అక్కడ మీ పాత పాస్‌వర్డే పనిచేస్తుంది, ఎందుకంటే మీరు ఆపింది ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్‌ని మాత్రమే. లోపలికి వెళ్లాక 'సుడో జర్నల్‌సీటీఎల్ -యూ ఎస్ఎస్‌హెచ్' అని కొట్టి చివరి లైన్లు చూడండి. ఇంకో ప్రశ్న: ఈమధ్య మీ హోమ్ ఫోల్డర్ పర్మిషన్లు ఏమైనా మార్చారా?

పిల్లకాలువ · శనివారం, రాత్రి 10:23

కన్సోల్ దొరికింది! లోపలికి వెళ్లగలిగాను. లాగ్‌లో ఈ లైన్ ఉంది: 'ఆథెంటికేషన్ రిఫ్యూజ్డ్: బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్ ఫర్ డైరెక్టరీ', ఆ తర్వాత నా హోమ్ ఫోల్డర్ పేరు.

మీరు అడిగింది నిజమే. రెండు వారాల కిందట పుస్తకాల అట్టల ఫొటోలు వెబ్‌సైట్‌లో కనిపించలేదు. ఒక వీడియోలో చెప్పారని హోమ్ ఫోల్డర్‌కి 'సీహెచ్‌మాడ్ 777' ఇచ్చాను. ఫొటోలు కనిపించాయి, ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను. దానికీ దీనికీ సంబంధం ఏమిటండీ?

నల్లేరు · శనివారం, రాత్రి 10:36

చాలా దగ్గరి సంబంధం ఉంది. నేను న్యూజెర్సీలో ఇదే పని చేస్తాను, ఈ లైన్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

777 అంటే ఆ సర్వర్‌లో ఉన్న ఏ యూజరైనా, ఏ ప్రోగ్రామైనా మీ హోమ్ ఫోల్డర్‌లో రాయొచ్చు, చెరపొచ్చు, పేర్లు మార్చొచ్చు. ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే చిట్టా కూడా ఆ హోమ్‌లోనే, '.ఎస్ఎస్‌హెచ్' ఫోల్డర్‌లో 'ఆథరైజ్డ్_కీస్' అనే ఫైల్లో ఉంటుంది. హోమ్ అందరికీ తెరిచి ఉంటే ఆ ఫోల్డర్‌ని పక్కకు జరిపి తన కీతో కొత్తది పెట్టేయొచ్చు. అందుకే ఎస్ఎస్‌హెచ్ సర్వర్, మీ కీ చూసేముందు హోమ్ ఫోల్డర్ నుంచి ఆ ఫైల్ దాకా అన్నిటి పర్మిషన్లూ పరీక్షిస్తుంది. వేరేవాళ్లు రాయగలిగేలా ఉంటే ఆ చిట్టాను నమ్మదు. ఈ నియమం పేరు 'స్ట్రిక్ట్‌మోడ్స్'. కొందరు దాన్ని ఆపేయమని సలహా ఇస్తారు. ఆపొద్దు. అది మీ పక్షానే ఉంది.

కన్సోల్‌లో ఇవి చేయండి: హోమ్ ఫోల్డర్‌కి 'సీహెచ్‌మాడ్ 750', '.ఎస్ఎస్‌హెచ్' ఫోల్డర్‌కి 700, 'ఆథరైజ్డ్_కీస్' ఫైల్‌కి 600.

ఇక ఫొటోల సంగతి. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్ 750తోనే వస్తోంది, అంటే బయటి యూజర్లకు అది తెరుచుకోదు. అందుకే మీ వెబ్ సర్వర్ ఫొటోలు చదవలేకపోయింది. ఫొటోలను '/వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ' కిందికి మార్చండి, వాటి చోటు అదే. వీధిలోకి పెట్టాల్సిన వస్తువుని పడకగదిలో పెట్టి, ఇంటి తలుపులన్నీ తెరిచి ఉంచక్కర్లేదు.

పిల్లకాలువ · శనివారం, రాత్రి 10:51

లాగిన్ అయింది!! ఒక్క 750తోనే అయిపోయింది, మిగతా రెండూ ముందే సరిగా ఉన్నాయి. మా చెల్లికి చెబితే ఏడ్చినంత పని చేసింది. మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

రాత్రిడ్యూటీ · శనివారం, రాత్రి 11:05

సంతోషం. ముందు ఆ 400 పుస్తకాల బ్యాకప్ ఇప్పుడే తీసుకోండి, తర్వాతే నిద్ర.

ఇకమీదట ఎస్ఎస్‌హెచ్ సెట్టింగులు ముట్టుకునేటప్పుడు, లోపల ఉన్న విండో మూయొద్దు. సెట్టింగ్ మార్చి, 'సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ' కొట్టి తప్పులు లేవని చూసుకుని, సర్వీస్‌ని రీలోడ్ చేసి, రెండో విండో తెరిచి అందులోంచి కొత్తగా లాగిన్ అవండి. అది పనిచేశాకే మొదటిది మూయాలి. సర్వీస్ రీలోడ్ అయినా, రీస్టార్ట్ అయినా, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ తెగదు. నిన్న మీరు బయటికి రాకుండా ఉంటే ఈ పూట ఇంత కంగారు ఉండేది కాదు.

ఓరుగల్లు_కుర్రాడు · శనివారం, రాత్రి 11:20

అన్నా, నాది దీనికి ఉల్టా సమస్య. మా కాలేజీ ప్రాజెక్ట్ కోసం సర్వర్ తీసుకున్నా. నేను కూడా అదే ఫైల్లో 'పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో' అని పెట్టిన. రీస్టార్ట్ కూడా చేసిన. అయినా ఫ్రెండ్ లాప్‌టాప్ నుంచి లాగిన్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతనే ఉంది, కరెక్ట్ పాస్‌వర్డ్ ఇస్తే లోపలికి పంపుతోంది కూడా.

రాత్రిడ్యూటీ · శనివారం, రాత్రి 11:34

తమ్ముడూ, ఇది నిజంగా ప్రమాదం, ఎందుకంటే తలుపు మూశామని మనం నిశ్చింతగా ఉంటాం. 'సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ -టీ' కొట్టు, కానీ ఈసారి టీ పెద్దక్షరం. చిన్న టీ తప్పులు వెతుకుతుంది, పెద్ద టీ ప్రస్తుతం నిజంగా అమల్లో ఉన్న సెట్టింగులన్నీ చూపిస్తుంది. అందులో పాస్‌వర్డ్ లైన్ 'యెస్' అనే ఉంటుందని నా అనుమానం.

ఉబుంటులో ప్రధాన ఫైల్ మొదట్లోనే ఒక 'ఇన్‌క్లూడ్' లైన్ ఉంటుంది. అది 'ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ' ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నిటినీ ముందుగా చదివిస్తుంది. చాలా క్లౌడ్ సర్వర్లలో అక్కడ '50-క్లౌడ్-ఇనిట్' అనే ఫైల్ ఉండి, అందులో 'యెస్' అని రాసి ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్‌లో ఏ సెట్టింగ్‌కైనా మొదట చదివిన విలువే ఖాయం, తర్వాత వచ్చేది చెల్లదు. కింద నువ్వు ఎన్ని 'నో'లు రాసినా అది లెక్కచేయదు. ఆ 50 ఫైల్లోనే 'నో' అని మార్చు. పిల్లకాలువ గారి సర్వర్‌లో ఆ ఫైల్ లేనట్టుంది, అందుకే ఆయనకు వెంటనే అమలైంది.

ఓరుగల్లు_కుర్రాడు · శనివారం, రాత్రి 11:49

అచ్చం అట్లనే ఉంది అన్నా. మార్చి, పెద్ద టీతో చూసిన, ఇప్పుడు 'నో'. ఫ్రెండ్ లాప్‌టాప్ నుంచి రానిస్త లేదు.

పోర్ట్ కూడా, అదే కనెక్షన్లు వచ్చే తలుపు నంబర్, 22 నుంచి 2222కి మారిస్తే ఇంకా సేఫ్ కదా?

రాత్రిడ్యూటీ · ఆదివారం, అర్ధరాత్రి 12:10

నా మాట అడిగితే వద్దంటాను. పోర్ట్ మారిస్తే లాగ్‌లో చెత్త తగ్గుతుంది, అంతే. వెతికేవాడికి మిగతా పోర్టులు చూడటం ఎంతసేపు? పైగా ఉబుంటు 24.04లో పోర్ట్ 22 దగ్గర కాచుకుని కూర్చునేది ఎస్ఎస్‌హెచ్ సర్వీస్ కాదు, సర్వీసులన్నిటినీ నడిపే సిస్టమ్‌డీ తాలూకు సాకెట్. సెట్టింగుల ఫైల్లో పోర్ట్ మార్చి ఎస్ఎస్‌హెచ్ సర్వీస్ మాత్రం రీస్టార్ట్ చేస్తే ఏమీ మారదు. 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్' ఇచ్చి, 'ఎస్ఎస్‌హెచ్.సాకెట్'ని రీస్టార్ట్ చేయాలి. ఫైర్‌వాల్‌లో కొత్త పోర్ట్ ముందే తెరవకపోతే పిల్లకాలువ గారిలాగే బయట నిలబడతావు. కీతోనే లాగిన్ అయ్యే సర్వర్‌కి ఇంత తిప్పలు అక్కర్లేదు.

నల్లేరు · ఆదివారం, అర్ధరాత్రి 12:22

ఇక్కడ మీతో నేను ఏకీభవించను. నా సొంత సర్వర్లలో పోర్ట్ మారుస్తాను. రక్షణ కోసం కాదు, లాగ్ శుభ్రంగా ఉండటం కోసం. రోజుకు వేల లైన్ల చెత్తలో అసలైన ఒక్క లైన్ కంటికి ఆనదు. ఖాళీ లాగ్‌లో కొత్త లైన్ వస్తే వెంటనే కనిపిస్తుంది. పదేపదే తప్పు లాగిన్లు చేసే ఐపీలను ఆపేసే 'ఫెయిల్‌టుబ్యాన్' పెట్టడం కూడా నాకు ఇందుకే ఇష్టం.

అయితే అప్‌డేట్లు పెట్టుకోకపోతే పోర్టూ కాపాడదు, కీ కూడా కాపాడదు. 2024 జులై 1న క్వాలిస్ అనే సెక్యూరిటీ సంస్థవాళ్లు ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లో బయటపెట్టిన లోపం గుర్తుంది కదా, 'రిగ్రెషన్' పేరుతో. 2006లో ఒకసారి దిద్దిన తప్పు 2020లో మళ్లీ కోడ్‌లోకి చేరింది. లాగిన్ కాకుండానే, లాగిన్‌కి ఇచ్చిన గడువు తీరే క్షణాన్ని ఆసరా చేసుకుని సర్వర్‌ని పట్టుకునే వీలుంది. దాడి అంత తేలిక కాదు, కానీ వీలుంది. 24.04లో ఉన్న వెర్షన్ కూడా దాని బారిన పడిందే, ఉబుంటు వాళ్లు వెంటనే దిద్దిన ప్యాకేజీ ఇచ్చారు. ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపి ఉంటే ఇద్దరూ ఇప్పుడే ఆన్ చేయండి.

ఎక్స్ఛేంజి_మాస్టారు · ఆదివారం, ఉదయం 6:15

పొద్దున్నే మొత్తం చదివాను. పిల్లలు ఇంత ఓపిగ్గా ఒకరికొకరు చెప్పుకోవడం చూస్తే మనసు నిండింది. నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. 90లలో దూరంలోని మెషిన్‌లోకి లాగిన్ అవడానికి మేం టెల్నెట్ వాడేవాళ్లం. అందులో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా వైరు మీద వెళ్లేది. అప్పట్లో హబ్‌లు ఉండేవి, ఒక మెషిన్‌కి పంపింది అన్ని మెషిన్లకూ చేరేది. ఒకరోజు మా ఆఫీసులో ఒక కుర్రాడు నా పాస్‌వర్డ్ కాగితం మీద రాసి నా చేతిలో పెట్టాడు, 'సార్, ఇది అందరికీ కనిపిస్తోంది, మార్చుకోండి' అని. ఆ కాగితం చూసినప్పుడు వెన్నులో పుట్టిన చలి ఇప్పటికీ గుర్తుంది.

ఎస్ఎస్‌హెచ్ పుట్టింది కూడా అలాంటి దెబ్బ తగిలాకే. 1995లో ఫిన్లాండ్‌లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు వినేశారు. అక్కడి టాటు యులోనెన్ అనే ఆయన తన అవసరం కోసమే ఈ ప్రోగ్రామ్ రాసి, ఆ జులైలో అందరికీ ఉచితంగా ఇచ్చారు. పోర్ట్ కావాలని ఉత్తరం రాస్తే మర్నాటికల్లా 22 ఇచ్చారు. ఫైళ్లు పంపుకునే ఎఫ్‌టీపీది 21, టెల్నెట్‌ది 23, ఆ రెంటినీ పక్కకు తప్పించాలనుకున్నదానికి సరిగ్గా మధ్య చోటే దొరికింది. మనం ఇప్పుడు వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 1999 డిసెంబరులో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్ల దగ్గర నుంచి వచ్చింది.

మీరెవరూ ఎత్తని సంగతి ఒకటుంది. సర్వర్ మనల్ని గుర్తుపట్టడం గురించే మాట్లాడారు. మనం సర్వర్‌ని గుర్తుపట్టామా? పిల్లకాలువ బాబూ, మొదటిసారి లాగిన్ అయినప్పుడు పొడుగాటి అక్షరాల వరస చూపించి 'యెస్ ఆర్ నో' అని అడిగి ఉంటుంది. ఏం చేశావు?

పిల్లకాలువ · ఆదివారం, ఉదయం 7:02

'యెస్' కొట్టేశాను మాస్టారూ. అదేమిటో చదవలేదు.

ఎక్స్ఛేంజి_మాస్టారు · ఆదివారం, ఉదయం 7:20

చాలామంది అదే చేస్తారు బాబూ. అది సర్వర్ వేలిముద్ర. దారిలో ఎవడైనా నీ సర్వర్‌నని చెప్పుకుని మధ్యలో కూర్చుంటే వాడి వేలిముద్ర వేరుగా ఉంటుంది. ఒకసారి 'యెస్' అన్నాక నీ లాప్‌టాప్ దాన్ని 'నోన్_హోస్ట్స్' ఫైల్లో రాసిపెట్టుకుని ప్రతిసారీ పోల్చి చూస్తుంది. ఆ మొదటిసారి మాత్రం పోల్చాల్సింది మనమే.

ఇప్పుడైనా చేయొచ్చు. నిన్నటి కన్సోల్ తెరువు. అది వేరే దారి కనుక దాన్ని నమ్మొచ్చు. అక్కడ 'ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్ఎఫ్' అని కొట్టి, పక్కన '/ఈటీసీ/ఎస్ఎస్‌హెచ్' ఫోల్డర్‌లోని 'ఎస్ఎస్‌హెచ్_హోస్ట్_ఈడీ25519_కీ.పబ్' ఫైల్ పేరివ్వు. 'షా256' అనే మాట, దాని వెంట వేలిముద్ర ఉన్న లైన్ వస్తుంది. లాప్‌టాప్‌లో 'ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -ఎల్ -ఎఫ్' తర్వాత సర్వర్ పేరు కాకుండా నీ 'నోన్_హోస్ట్స్' ఫైల్ ఇస్తే అందులో ఉన్నవాటి వేలిముద్రలు వస్తాయి. రెండూ కలవాలి. కలిస్తే ఒక కాగితం మీద రాసి దాచుకో.

నల్లేరు · ఆదివారం, ఉదయం 8:05

మాస్టారు గారు చెప్పినదానికి ఒక నిజమైన ఉదాహరణ: 2023 మార్చి 24న ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్ తన ఆర్ఎస్ఏ హోస్ట్ కీని, అంటే వేలిముద్రకు మూలమైన సర్వర్ కీని, మార్చింది. ప్రైవేట్ భాగం పొరపాటున ఒక బహిరంగ రిపాజిటరీలో కాసేపు కనబడిందని వాళ్లే చెప్పారు. ఆరోజు ఎందరికో 'రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్డ్' అనే హెచ్చరిక వచ్చింది. దాన్ని చూసి పాత లైన్ చెరిపేసి ముందుకెళ్లడం ఒక పద్ధతి. గిట్‌హబ్ ప్రచురించిన కొత్త వేలిముద్రతో పోల్చి, అప్పుడు 'ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -ఆర్'తో, ఆర్ పెద్దక్షరం, పాతది తీసేయడం ఇంకో పద్ధతి. రెండింటికీ పట్టే సమయంలో తేడా ఒక్క నిమిషం. మన సర్వర్‌ని మనమే రీఇన్‌స్టాల్ చేసినప్పుడూ ఈ హెచ్చరిక వస్తుంది, అప్పుడు కారణం మనకు తెలుసు. కారణం తెలియకుండా వస్తే ఆగాలి.

ఓరుగల్లు_కుర్రాడు · ఆదివారం, ఉదయం 9:30

అక్కా, నేను కీ చేసేటప్పుడు పాస్‌ఫ్రేజ్, అదే కీకి పెట్టే పాస్‌వర్డ్, అడిగితే ఖాళీగా ఎంటర్ కొట్టిన. హాస్టల్‌ల నా లాప్‌టాప్ నలుగురం వాడుకుంటం. మళ్లీ కొత్త కీ చేసి సర్వర్‌కి పంపాల్నా?

నల్లేరు · ఆదివారం, ఉదయం 9:41

అక్కర్లేదు నాన్నా. 'ఎస్ఎస్‌హెచ్-కీజెన్ -పీ' కొట్టు, ఉన్న కీకే పాస్‌ఫ్రేజ్ తగిలిస్తుంది. సర్వర్‌లో ఏమీ మార్చక్కర్లేదు. కానీ ఇన్నాళ్లూ నలుగురి చేతుల్లో ఉన్న కీ కదా, ఎవరైనా కాపీ తీసుకుని ఉంటే ఆ పాత కాపీకి పాస్‌ఫ్రేజ్ ఉండదు. నీ స్థానంలో నేనుంటే పాస్‌ఫ్రేజ్‌తో కొత్త కీ చేసి, పాతదాని లైన్ 'ఆథరైజ్డ్_కీస్' నుంచి తీసేస్తాను. లాప్‌టాప్‌లో నీకు వేరే యూజర్ అకౌంట్ కూడా పెట్టుకో.

పబ్లిక్ కీని తాళంకప్ప అనుకో, ఎన్ని తలుపులకైనా తగిలించొచ్చు, ఎవరు చూసినా ఫరవాలేదు. ప్రైవేట్ కీ తాళంచెవి. అది వాట్సాప్‌లో పంపేది కాదు, డ్రైవ్‌లో పెట్టేది కాదు, ఫ్రెండ్‌కి ఇచ్చేది అసలే కాదు. ఫ్రెండ్‌కి సర్వర్ కావాలంటే తన తాళంకప్ప తనే చేసుకుని నీకు పంపాలి, తన పేరు మీద ఒక యూజర్‌ని చేసి అందులో పెట్టు.

పిల్లకాలువ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఒక చిన్న సందేహం. మా దగ్గర కరెంటు పోతే నెట్ కూడా పోతుంది. అప్‌డేట్ మధ్యలో కనెక్షన్ తెగిపోతే? స్క్రీన్ బిగుసుకుపోయి విండో మూసేయాల్సి వస్తోంది.

రాత్రిడ్యూటీ · ఆదివారం, మధ్యాహ్నం 2:03

లాగిన్ అవగానే 'టీమక్స్' అని కొట్టి, పని అందులో చేయండి. కనెక్షన్ తెగినా పని సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది. మళ్లీ వచ్చి 'టీమక్స్ అటాచ్' అంటే వదిలిన చోటే ఉంటారు. బిగుసుకున్న విండో మూయక్కర్లేదు, ఎంటర్ కొట్టి, టిల్డా గుర్తు, ఆ వెంటనే చుక్క కొట్టండి, ఎస్ఎస్‌హెచ్ తనే బయటికొస్తుంది. లాప్‌టాప్ వైపు సెట్టింగుల్లో 'సర్వర్ ఎలైవ్ ఇంటర్వల్ 60' పెడితే, ఊరికే కూర్చున్నప్పుడు తెగడం కూడా తగ్గుతుంది.

పిల్లకాలువ · ఆదివారం, రాత్రి 8:40

ఈరోజు చేసినవి చెబుతాను. బ్యాకప్ తీశాను, మా చెల్లి లాప్‌టాప్‌లో కూడా ఒక కాపీ పెట్టాను. ఫొటోలు '/వార్' కిందికి మార్చాను, వెబ్‌సైట్‌లో అన్నీ కనిపిస్తున్నాయి. నా లాప్‌టాప్ పోయినా ఇబ్బంది లేకుండా చెల్లి తన కీ తనే చేసుకుంది, తన పేరుతో వేరే యూజర్. రెండో విండో తెరిచి పరీక్షించాకే మొదటిది మూశాను. లాగ్‌లో ఇప్పటికీ రూట్, అడ్మిన్ అంటూ వస్తూనే ఉన్నారు, కానీ 'ప్రీఆథ్' దగ్గరే, అంటే లాగిన్ కాకముందే, కనెక్షన్ మూసుకుపోతోంది.

మాస్టారూ, వేలిముద్రలు రెండూ కలిశాయి. చెల్లి చదువుతుంటే నేను అక్షరం అక్షరం సరిచూశాను. విడి కాగితమైతే పోతుందని, లైబ్రేరియన్ గారిని అడిగి గ్రంథాలయం పుస్తకాల రిజిస్టర్ ఆఖరి పేజీలో తేదీ వేసి రాశాం. ఆయన కింద సంతకం కూడా పెట్టారు.